హంతకుల ట్రేలో పెళ్ళికొడుకు

శనివారం పెళ్ళి పెట్టుకుని, మంగళవారం నాడు నా కాబోయే మొగుణ్ణి హంతకుల ట్రేలో పడేశాను. పడేసి ఊరుకున్నానా, కింద సంతకం కూడా చేశాను. అదీ కూనిరాగం తీస్తూ.

ఆ వారం నా పరిస్థితి అలా ఉంది. కాళ్ళు నేల మీద ఆనడం లేదు. ముప్పై నాలుగేళ్ళ దాకా పెళ్ళి మాట ఎత్తితే మొహం చిట్లించిన దాన్ని, ఇప్పుడు ఏమీ లేకపోయినా నవ్వుతున్నాను. కాఫీలో ఉప్పేసుకుని నవ్వాను. ఆఫీసు తలుపుకి గుద్దుకుని తలుపుకి సారీ చెప్పాను. మా అక్కయితే నన్ను ఎగాదిగా చూసి, "నీకు కావాల్సింది పెళ్ళి కాదే, మందు," అంది. దానికీ నవ్వాను.

నా ఉద్యోగం జైల్లో. ఖైదీగా కాదు లెండి. జైలు ఆవరణలో, బట్టలు ఆరేసే దండేల పక్కన ఒక పొడుగాటి లారీ ఆగి ఉంటుంది. దాని కడుపులో మెదడు బొమ్మ తీసే స్కానర్ ఉంది. ముందు భాగంలో ఒక చిన్న గది, రెండు కుర్చీలు, ఒక బీరువా. కరడుగట్టిన నేరస్తుల్లో కొందరుంటారు. చేసినదానికి పిసరంత బాధపడరు, పట్టుబడినా బెదరరు, ఎదుటివాడి ఏడుపు వాళ్ళకి పక్కింటి రేడియో. అలాంటివాళ్ళ మెదడు మాటల్ని ఎలా తీసుకుంటుందన్నదే మా ప్రొఫెసర్ గారి పరిశోధన.

పరీక్ష చాలా తేలిక. మనిషి గొట్టంలో పడుకుంటాడు. కళ్ళ ముందు తెర మీద అక్షరాలు వస్తాయి. అది నిజమైన మాటైతే బటన్ నొక్కాలి, అర్థంలేని అక్షరాల గుంపైతే నొక్కకూడదు. అంతే. కిటుకల్లా మాటల్లో ఉంది. సగం కుర్చీ, గిన్నె, తలుపు లాంటి ఉత్తుత్తి మాటలు. సగం శవం, నెత్తురు, ముద్దు, ప్రేమ లాంటి గుండెకి తగిలే మాటలు. మామూలు మనిషికి 'గిన్నె' ఒకటీ 'శవం' ఒకటీ కాదు. శవం అన్న మాట కనపడగానే, తనకి తెలియకుండానే, వేలు ఒక పిసరు ముందుగా కదులుతుంది, మెదడులో ఒక అలజడి లేస్తుంది, చార్టు మీద గీత గుట్టలా పైకి పోతుంది. మేము చూసే ఆ రాతిగుండెవాళ్ళలో చాలామందికి అలా కాదు. గిన్నెకీ శవానికీ రెండు గీతలూ ఒకే ఎత్తులో చదునుగా సాగిపోతాయి. మాటకి అర్థం తెలుసు, తగలడం మాత్రం తగలదు.

ఆ చార్టులు చదివి వేరు చేసే పని నాది. నా బల్ల మీద రెండు ట్రేలు. ఒకటి గుట్ట ట్రే, ఇంకోటి చదును ట్రే. చదును ట్రేని నేను హంతకుల ట్రే అంటాను. చార్టు మీద పేరుండదు, నంబరే ఉంటుంది. ఏ నంబరు ఖైదీదో, ఏ నంబరు బయటి నుంచి పోలికకి తెచ్చిన మామూలు మనిషిదో నాకు తెలియకూడదు. తెలిస్తే చెయ్యి వంకరపోతుందని ప్రొఫెసర్ గారి భయం. అందుకే నంబర్ల జాబితా ఆయన బీరువాలో, తాళంచెవి ఆయన జేబులో. ఒకసారి ట్రేలో పెట్టి సంతకం చేశానంటే దాన్ని మళ్ళీ కదపకూడదు. మా ఆఫీసులో దానికంటే పెద్ద నేరం లేదు.

ఇక పెళ్ళికొడుకు ఇందులోకి ఎలా వచ్చాడంటే, అదీ నా నిర్వాకమే. నెల కిందట పోలిక మనుషుల్లో ఒకడు గొట్టాన్ని చూసి భయపడి పారిపోయాడు. ఒక మనిషి తక్కువయ్యాడు. సిబ్బంది బంధువుల్ని తేకూడదని నియమం ఉంది. "ఇంకా పెళ్ళి కాలేదుగా, బంధువెలా అవుతాడు?" అని నాకు నేనే తీర్పు చెప్పుకుని, ప్రొఫెసర్ గారికి 'తెలిసినాయన ఒకరున్నారు' అని మాత్రం చెప్పాను. ఇతన్ని అడిగితే మారు మాట్లాడకుండా వచ్చాడు. నేను లేని రోజు చూసి పడుకుని వెళ్ళిపోయాడు. నేనూ మర్చిపోయాను.

మంగళవారం మధ్యాహ్నం ముప్పై ఒకటో నంబరు చార్టు తీశాను. రెండు గీతలూ స్కేలు పెట్టి గీసినట్టు చదును. ఇంత చదును ఈ మధ్య చూడలేదు. "ఓహో, మహానుభావుడు," అనుకుని సంతకం గీకి చదును ట్రేలో పడేశాను. పడేశాక, చార్టు మూల అచ్చయిన తల బొమ్మ మీద కన్ను పడింది. కింది పళ్ళ వెనక నల్లగా ఒక మచ్చ, వంకర నవ్వులా. పళ్ళకి లోపలివైపు స్టీలు తీగ ఉంటే బొమ్మలో అలా మచ్చ పడుతుంది.

ఆ తీగ నాకు తెలుసు. చిన్నప్పుడు సైకిలు మీంచి పడి ముందు పళ్ళు వదులైతే కట్టించుకున్నాడట. నోరు తెరిచి నవ్వితే కనపడుతుంది. ఎప్పుడో గానీ నవ్వడు కాబట్టి చూసినవాళ్ళు తక్కువ. మేము చూసిన ఖైదీల్లో పళ్ళకి తీగ కట్టించుకున్నవాడు ఒక్కడూ లేడు.

కూనిరాగం గొంతులోనే ఆగిపోయింది.

ఇతను మాటకారి కాదని నాకు మొదటి నుంచీ తెలుసు. నోట్లో నాలుక లేనివాడంటారే, అలాంటివాడు. ఏడు నెలల్లో ఇష్టం అన్న మాట అతని నోటి నుంచి రాలేదు. పెళ్ళి చేసుకుందామన్నది కూడా నేనే. దానికతను చాలాసేపు ఆలోచించి, "శనివారాలు నాకు సెలవు," అన్నాడు. అప్పుడు అది ఎంత ముద్దొచ్చిందో! ఇప్పుడు అదే మాట తలచుకుంటే భయమేసింది.

ఒక చార్టు చూసి మనిషిని తేల్చకూడదని నాకు తెలియదా? కొత్తగా చేరినవాళ్ళకి ఆ పాఠం చెప్పేదే నేను. గీతలు గుంపు గురించి చెప్తాయి, ఒక్క మనిషి గురించి కాదు అని వేలు చూపించి మరీ చెప్తాను. కానీ ఆ ఒక్క మనిషితో శనివారం నుంచి ఒకే ఇంట్లో ఉండాలంటే పాఠాలు గుర్తుండవు.

బుధవారం పొద్దున ఇంకో తెలివితక్కువ పని చేశాను. మా ఖైదీల్లో ఒకాయన్ని అందరూ పెద్దమనిషి అంటారు. నెరిసిన జుట్టు, మెత్తటి గొంతు, నోరు తెరిస్తే ముత్యాలు రాలతాయి. పరీక్షకి ముందు కాగితాల మీద సంతకాలు తీసుకోవాలి కదా, ఎదురుగా కూర్చున్నాడు.

"మొహం అలా వాడిపోయిందేం తల్లీ? పెళ్ళికూతురు ఇలాగేనా ఉండేది?" అన్నాడు. శనివారం పెళ్ళని గార్డులు చెప్పారట.

వీళ్ళతో సొంత విషయాలు మాట్లాడొద్దని ఉద్యోగంలో చేరిన రోజే చెప్తారు. నేను మొత్తం కక్కేశాను. పేరు చెప్పలేదు గానీ, నాకు కాబోయేవాడు ప్రేమగా ఒక్క మాటా అనడని చెప్పి ముక్కు కూడా చీదాను.

పెద్దమనిషి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. "మనసులో ఉన్నది నోటిదాకా రాకుండా ఉంటుందా తల్లీ? నేను మా ఆవిడకి రోజూ పొద్దున లేవగానే చెప్పేవాణ్ణి, నువ్వు లేకపోతే నేను లేనని. మాట లేదంటే మనసే లేదు. బాగా ఆలోచించుకో."

ఎంత చక్కగా చెప్పాడో, ఎంత బాగా అర్థం చేసుకున్నాడో అనుకుంటూ కళ్ళు తుడుచుకున్నాను. ఆయన గొంతు నిజంగా వణికింది. గార్డు వచ్చి తీసుకుపోయాక, రెండు నిమిషాలకి గుర్తొచ్చింది. ఆ ఆవిణ్ణి చంపినందుకే ఈయన లోపలున్నది!

నన్ను చూసి నాకే నవ్వు ఆగలేదు. లారీలో ఒక్కదాన్నే కూర్చుని పడీపడీ నవ్వాను. పెళ్ళి గురించి సలహా అడగడానికి ఈ జైలు మొత్తంలో నాకు దొరికింది ఈయనా! కానీ నవ్వు అయిపోయాక భయం మళ్ళీ అక్కడే కూర్చుని ఉంది.

సాయంత్రం అక్కతో చెప్పాను. అక్క స్కూల్లో లెక్కల టీచరు. ఏ చిక్కునైనా నాలుగు గీతల్లో తేల్చేస్తుంది.

"రేపు మాపు ఎందుకు, ఇవాళే తేల్చేద్దాం. రాత్రి భోజనానికి పిలువు. నేను ఏడుస్తా. ఏమంటాడో చూద్దాం," అంది.

"ఊరికే ఎలా ఏడుస్తావు?"

"పడతానే. పడి ఏడుస్తా. మీ బావ ఊళ్ళో లేరు, ఎంత గట్టిగా ఏడ్చినా అడిగేవాళ్ళు లేరు."

అతను వచ్చి చెప్పులు విప్పుతున్నాడో లేదో, అక్క వంటింటి గడప దగ్గర దభీమని కూలబడి, "అమ్మో, నా నడుం! నేను పోతున్నానే చెల్లీ!" అని శోకాలు మొదలుపెట్టింది. నేను అతని మొహం చూస్తూ నిలబడ్డాను. మొహంలో ఏ మార్పూ లేదు. వెళ్ళి పక్కన మోకాళ్ళ మీద కూర్చున్నాడు.

"కదలకండి వదినగారూ. నేనున్నాను. ఎక్కడ తగిలింది? కాలి వేళ్ళు కదిలించండి. కదులుతున్నాయా? తల తిరుగుతోందా? ఏమైనా మందులు వాడుతున్నారా? వయసెంత?"

వయసు అడిగేసరికి అక్క ఏడుపు మానేసింది. అయినా అతను వదల్లేదు. నడుం కింద దుప్పటి పెట్టి, మంచం మీద వెల్లకిలా పడుకోబెట్టి, నలభై నిమిషాలు లేవనివ్వలేదు. ఈలోగా పొయ్యి మీద అన్నం మాడింది. అతను వెళ్ళాక అక్క లేచి కూర్చుని, "ఒక్క 'అయ్యో' అనలేదే! నా ఏడుపుకి ఫారం నింపాడు!" అంది. నాకు మళ్ళీ నవ్వు ముంచుకొచ్చింది. అక్కకి రాలేదు. "నవ్వకు. పెళ్ళి వాయిదా వెయ్యి," అంది.

గురువారం పొద్దున ప్రొఫెసర్ గారి ముందు నిలబడి నిజం ఒప్పుకున్నాను. ఆయన కళ్ళజోడు తీసి, తుడిచి, మళ్ళీ పెట్టుకున్నారు.

"బంధువుల్ని తేవద్దన్నాను కదా అమ్మాయ్?"

"ఇంకా బంధువు కాలేదండీ."

"అవుతాడా, అవడా?"

"అదే తెలియట్లేదండీ."

ఆయన మొహంలో నవ్వు వచ్చీ రానట్టు వచ్చింది. గుర్తుపట్టిన క్షణం నుంచే ఆ కాగితం చెల్లదన్నారు. ముప్పై ఒకటిని లెక్కలోంచి కొట్టేశారు. "గీత చదునుగా ఉండటానికి రాయిలాంటి గుండె ఒక్కటే కారణం కాదు, వంద ఉంటాయి. నువ్వు చూసింది గీతని. మనిషి ఊళ్ళోనే ఉన్నాడుగా, వెళ్ళి అడుగు," అన్నారు.

ఇంత చిన్న విషయం తట్టకపోవడానికే ఇన్నేళ్ళు చదివాను కాబోలు.

అతను పనిచేసేది అంబులెన్సు కంట్రోల్ రూంలో. ఎవరికైనా ప్రాణం మీదకి వస్తే చేసే ఫోను అతనెత్తుతాడు. మేడ మీద ఒక పొడుగాటి గది, పన్నెండు బల్లలు, ఒక్కో బల్ల మీద ఒక ఎర్ర లైటు. ఫోను రాగానే లైటు వెలుగుతుంది, బటన్ నొక్కాలి. మెట్లు ఇనపవి. ఉరుకులు పరుగుల మీద ఎక్కాను. సూపర్‌వైజరు మేడం నన్ను చూసి, "మా ఫ్రిజ్ కోసమా? పది నిమిషాలు తీసుకో," అంది. అతన్ని అక్కడందరూ ఫ్రిజ్ అంటారు. ఎంత ఘోరం విన్నా చల్లగా ఉంటాడని.

పక్కన నీళ్ళు తాగే గది. ఒకవైపంతా అద్దం, ఆ అద్దంలోంచి పన్నెండు బల్లలూ కనపడతాయి, వాళ్ళకి మేమూ కనపడతాం. తలుపేసి నేరుగా అడిగాను.

"ఆ గొట్టంలో పడుకున్నప్పుడు నీకేమనిపించింది?"

"చల్లగా ఉంది."

"మాటలొచ్చాయి కదా. శవం, నెత్తురు, మంట. అవి చూస్తే?"

ఆలోచించాడు. అతను ఏదీ వెంటనే చెప్పడు. "అడ్రసు అడగాలనిపించింది. తొమ్మిదేళ్ళ నుంచి రోజంతా అవేగా వినేది. నేను ఉలిక్కిపడితే అవతలవాళ్ళు ఇంకా బెదిరిపోతారు. అందుకని ఉలిక్కిపడటం మానేశా. ఇప్పుడిక రాదు."

"మరి ముద్దు? ప్రేమ?"

చెవులు ఎర్రబడ్డాయి. "తల కదపొద్దన్నారుగా. బిగుసుకుపోయి పడుకున్నా."

మొన్నటి నుంచీ మోస్తున్న బరువు దిగినట్టయింది. అక్కడితో ఆపి ఇంటికి వెళ్ళిపోవాల్సింది. కానీ దాచిపెట్టి సంసారం మొదలుపెట్టడం నాకిష్టం లేదు.

"నీ చార్టు నేనే చదివాను. నీదని తెలియదు. రెండు ట్రేలుంటాయి. నిన్ను వాళ్ళ ట్రేలో పెట్టాను."

"ఎవరి ట్రే?"

"హంతకుల ట్రే. సంతకం కూడా చేశాను."

అతను నావైపు చూశాడు. తర్వాత చేతిలో ఉన్న నీళ్ళ గ్లాసువైపు చూసి, దాన్ని జాగ్రత్తగా కింద పెట్టాడు.

"నాకు మాటలు రావు, నీకు తెలుసు," అన్నాడు. "ఇంట్లో అద్దం ముందు నిలబడి చాలాసార్లు చూశా. రావు. నువ్వేమో మెదడు లోపలికి చూసే పని చేస్తావు. మనిషి తక్కువయ్యాడని నువ్వన్నప్పుడు, మంచిదే, అందులో పడుకుంటే నీకే కనపడుతుంది కదా, ఇంక నేను చెప్పక్కర్లేదు కదా అనుకున్నా. అందుకే వచ్చా." తలెత్తి నన్ను చూశాడు. "కనపడలేదా?"

ఆ మాట అంటుండగానే అతని కళ్ళు నిండిపోయాయి. తుడుచుకోవాలని కూడా తెలియనట్టు అలాగే నిలబడ్డాడు. రెండు చెంపల మీదా ధారగా కారిపోతున్నాయి.

నాకేమొచ్చిందో తెలుసా? నవ్వు! ఆపుకోలేని, పొట్ట పట్టుకునే నవ్వు. ఏడుస్తున్నాడు, నా మొగుడు ఏడుస్తున్నాడు, నిజం నీళ్ళు, ఇంత పెద్ద పెద్ద చుక్కలు! అక్కకి ఫోన్ చేసి వినిపించాలనిపించింది. గది చుట్టూ గెంతాలనిపించింది.

"నవ్వుతున్నావా?" అన్నాడతను, నమ్మలేనట్టు.

అప్పుడు అద్దం వైపు చూశాను. అవతల ఫోను లేనివాళ్ళంతా మమ్మల్నే చూస్తున్నారు. లోపల ఒక మగవాడు నిలబడి ఏడుస్తున్నాడు, ఎదురుగా ఒక ఆడది విరగబడి నవ్వుతోంది. ఆ క్షణాన వాళ్ళ చేతికి నా రెండు ట్రేలూ ఇస్తే నన్ను ఎందులో పెడతారో అడగక్కర్లేదు. నా నవ్వు చప్పున ఆరిపోయింది. ఎంత సిగ్గేసిందో చెప్పలేను.

"తప్పయిపోయింది," అన్నాను. అతని రెండు చేతులూ పట్టుకున్నాను. "ఎదురుగా నువ్వుండగా నిన్ను కాగితంలో వెతికాను. నాకు బుద్ధి లేదు. ఏడు నెలలుగా నిన్ను చూస్తే నాకు ప్రాణం లేచి వస్తుంది, నీకూ అలాగే ఉందో లేదోనని రెండు రోజులుగా చచ్చిపోయాను. మిషనుకి చేతకాలేదు. వచ్చినట్టు నువ్వే చెప్పు. ఎలా చెప్పినా సరే."

గోడ గడియారంలో మా పది నిమిషాలు అయిపోవస్తున్నాయి.

"ఒక తప్పు చేస్తున్నా. ఎవరికీ చెప్పలేదు," అన్నాడు చివరికి. "నువ్వు అప్పుడప్పుడు మధ్యాహ్నం వస్తావు కదా. మెట్ల మీద నీ అడుగులు నాకు తెలిసిపోతాయి. ఆ చప్పుడు వినపడితే, లైటు వెలిగినా బటన్ వెంటనే నొక్కలేను. వింటూ ఉండిపోతా. రెండు సెకన్లు. ఒక్కోసారి మూడు." గొంతు బాగా తగ్గించాడు. "అవతల ఎవరో ప్రాణం మీదకి వచ్చి చేసుంటారు. అయినా. ఏడు నెలల నుంచి ఇదే పని."

నా చార్టుల్లో వేలు కదలడంలో సెకనులో ఇరవయ్యో వంతు తేడా వచ్చిందంటే ప్రొఫెసర్ గారు మాకందరికీ కాఫీ ఇప్పిస్తారు. ఈ మనిషి రెండు సెకన్లు అంటున్నాడు. అదీ ఎవరు! శవం అన్నా నెత్తురు అన్నా పిసరంత కూడా తడబడని మనిషి. ఆ గీత గీయాలంటే మా లారీలో కాగితం చాలదు. నా నోట మాట రాలేదు. మాటలు రాకపోవడమంటే ఏమిటో నాకు అప్పుడు తెలిసింది.

అద్దం మీద మేడం వేలితో కొట్టింది. అతను చొక్కా చేత్తో మొహం తుడుచుకుని వెళ్ళి కూర్చున్నాడు. లైటు వెలిగింది. అలా వెలిగిందో లేదో బటన్ నొక్కేశాడు. "చెప్పండి, నేను వింటున్నాను. ముందు అడ్రసు చెప్పండి," అన్న గొంతు ఎప్పటిలాగే చల్లగా వినిపించింది.

నేను బయటికొచ్చి మెట్ల దగ్గర నిలబడ్డాను. ఒంట్లో రక్తం ఉరకలేస్తోంది. ఆ ఇనప మెట్ల మీద రెండేసి చొప్పున దూకుతూ, ఊరంతా వినపడేలా దిగాలనిపించింది. ఒక కాలు ఎత్తాను కూడా. లోపల ఇంకో బల్ల మీద లైటు వెలిగింది, దాని పక్కన మరొకటి.

వంగి చెప్పులు విప్పాను. రెండూ చేత్తో పట్టుకుని, ఇనుము కాళ్ళకి చురుక్కుమంటున్నా ఒక్కో మెట్టూ చప్పుడు లేకుండా దిగాను. గేటు దాటి రోడ్డెక్కాకే మళ్ళీ తొడుక్కున్నాను.